కట్టెల పొయ్యితో కాగే నీళ్లు ట్యాంకులోకి ఎక్కడం లేదు, పైపు ఎట్టా వెయ్యాలి?

ప్రశ్న – ఉదయగిరి పక్క పల్లె నుంచి

అందరికీ నమస్కారం. మా నాన్నకు మోకాళ్ల నొప్పులు, వేడినీళ్లు లేనిదే స్నానం చెయ్యలేడు. గీజర్ పెడదామంటే మా దగ్గర వోల్టేజి నిలవదు. చేలో సర్కారు తుమ్మ కట్టెలు కావలసినన్ని ఉన్నాయి కదా అని పెరట్లో పొయ్యి కట్టించి, దాని వెనక గోడలో 10 లీటర్లు పట్టే ఇనుప పెట్టె పెట్టించాను. బాత్రూమ్ అటక మీద 100 లీటర్ల స్టీలు ట్యాంకు. మోటారు లేకుండానే నీళ్లు తిరుగుతాయని పని చేసినాయన చెప్పాడు. పెట్టెకీ ట్యాంకుకీ మధ్య అరంగుళం జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) పైపులు రెండు వేసి, వేడినీళ్ల పైపుకి ఒక గేట్ వాల్వు కూడా పెట్టాడు. ఆ పైపు వంటింటి గుమ్మం మీదుగా పోయి, అవతల రెండడుగులు దిగి, మళ్లీ ట్యాంకుకి ఎక్కుతుంది. పొయ్యి వెలిగించిన పావుగంటకి పెట్టెలో గుడగుడ, ఆ తర్వాత గోడ అదిరేటట్టు దడదడ. ట్యాంకు మాత్రం చల్లగానే ఉంది. అమ్మ భయపడి పొయ్యి జోలికే పోవడం లేదు.

జవాబు – కావలి నుంచి

తమ్ముడూ, ఇది సరిచేసేదాకా ఆ పొయ్యి వెలిగించొద్దు. మీ అమ్మగారి భయం న్యాయమైనదే. పెట్టెలో నీళ్లు కదలక అక్కడికక్కడే మరిగి ఆవిరవుతున్నాయి. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. దానికి దారి లేకపోతే పెట్టె పగులుతుంది. ఒక సంగతి చెప్పు. మొన్న వెలిగించినప్పుడు పైపు ఎక్కడిదాకా వేడెక్కిందో చెయ్యి పెట్టి చూశారా?

ప్రశ్న అడిగినవారు

చూశానన్నా. పెట్టె దగ్గర గుడ్డ లేకుండా పట్టుకోలేం. గుమ్మం పైదాకా వేడే. అవతల కిందికి దిగేచోట మాత్రం చల్లగా ఉంది.

జవాబు – కావలి నుంచి

అయితే దొరికింది. గుమ్మం మీద ఆ మూపురం దగ్గర గాలి చేరి కూర్చుంది.

ఇక్కడ నీళ్లను తోసే బలం చాలా చిన్నది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 998 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములు. ఆ 15 గ్రాముల తేడాయే మన మోటారు. మీటరు ఎత్తుకి 15 మిల్లీమీటర్ల నీటి మట్టమంత ఒత్తిడి వస్తుంది, అంతే. అంత చిన్న బలం గాలి బుడగని నెట్టలేదు, అరంగుళం పైపులో ఇన్ని ఎల్బోలు (మూల మలుపులు) దాటి పోలేదు.

కాబట్టి పైపు అంగుళానికి తగ్గొద్దు. పెట్టె పైభాగం నుంచి బయల్దేరిన పైపు ట్యాంకు చేరేదాకా ఎక్కుతూనే ఉండాలి. అడుగుకి అరంగుళం వాలైనా ఇవ్వండి. మధ్యలో ఒక్కచోట కూడా కిందికి దిగొద్దు. గుమ్మం అడ్డమైతే గోడకి బెజ్జం కొట్టండి, చుట్టు తిప్పొద్దు. ఎల్బోల బదులు పొడుగు బెండ్లు వాడమని చెప్పు. వేడి పైపు ట్యాంకులో పైభాగాన కలవాలి. ట్యాంకు అడుగు నుంచి ఇంకో అంగుళం పైపు, అదీ వాలుగానే, దిగి పెట్టె కిందిభాగానికి రావాలి. ఈ రెండు పైపుల్లో ఎక్కడా వాల్వు ఉండకూడదు. ఈ వలయమంతా లోహమే వాడాలి. ప్లాస్టిక్ ఒక్క అడుగు కూడా వద్దు. సి.పి.వి.సి. (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) కుళాయిల వైపు మాత్రమే.

ఆవిరీ గాలీ పోవడానికి ట్యాంకు నెత్తి నుంచి ముప్పావు అంగుళం పైపు ఒకటి మిద్దె మీదికి లేపి, మిద్దె మీది చల్లనీళ్ల ట్యాంకులో నీటి మట్టం కన్నా అడుగున్నర ఎత్తున నోరు తెరిచి వదలండి. మనుషులు తిరగని వైపుకి ఆ నోరు వంచాలి. పిట్టలు గూడు పెడతాయని దాన్ని బిరడాతో మూసేవాళ్లు ఉంటారు, మీరు మాత్రం ఎప్పుడూ మూయొద్దు. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

ప్రశ్న అడిగినవారు

మా ఊళ్లో కరెంటు పోయి మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయితే పెట్టె ఎండిపోదా అన్నా?

జవాబు – కావలి నుంచి

మంచి ప్రశ్న. బాత్రూమ్ కుళాయికి పోయే పైపు ట్యాంకు నెత్తి దగ్గర నుంచే తియ్యాలి. మిద్దె మీది చల్లనీళ్లు ట్యాంకు అడుగున చేరాలి. అప్పుడు కింది నుంచి చల్లనీళ్లు తోస్తేనే పైన వేడినీళ్లు వస్తాయి. పైన నీళ్లు అయిపోతే కుళాయి ఆగిపోతుంది కానీ ట్యాంకూ పెట్టే నిండుగానే ఉంటాయి. అయినా కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు పొయ్యి ఆర్పమని ఇంట్లో చెప్పి ఉంచు. ఎప్పుడైనా పెట్టె ఎండి ఎర్రగా కాలితే మాత్రం చల్లనీళ్లు వదలొద్దు. చల్లారేదాకా ఆగాలి.

ఇంకొకరి మాట – దర్శి నుంచి

బాబూ, మీ బోరు నీళ్లు ఎట్లాంటివో చూసుకోండి. మా వైపు నీళ్లు కాచే డేగిసాలోనే నెలకి తెల్లటి పొర గట్టిపడుతుంది. మా ఇంట్లో ఇదే పద్ధతి ఉంది. మూడో ఏడు విప్పితే అంగుళం పైపులో చిటికెన వేలు కూడా దూరలేదు. నీళ్లు 60 డిగ్రీలు దాటి కాగే కొద్దీ ఆ పొర ఎక్కువ పేరుకుంటుంది. మరిగించేదాకా మంట పెట్టొద్దు. పెట్టెకి ఎదురెదురుగా రెండు ప్లగ్గులు పెట్టించండి, ఏడాదికోసారి విప్పి రాడ్డుతో గీకొచ్చు.

జవాబు – కావలి నుంచి

అక్క చెప్పింది తప్పకుండా చెయ్యి. కట్టెలు కూడా తక్కువే పడతాయి. 100 లీటర్లు 25 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి 2,500 కిలో క్యాలరీలు కావాలి. పొయ్యి వేడిలో పావు వంతే నీళ్లకి దక్కినా మూడు కిలోల ఎండు కట్టెలు చాలు. ట్యాంకు చుట్టూ చెక్కపెట్టె కట్టి వరి ఊక కూరితే రాత్రి కాచిన నీళ్లు పొద్దున్నకి గోరువెచ్చగానైనా ఉంటాయి. ఊక తడవకూడదు, పొగ గొట్టానికి దూరంగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు – పది రోజుల తర్వాత

అన్నా, అక్కా, గోడకి బెజ్జం కొట్టించి అంగుళం పైపు నేరుగా ఎక్కించాం. వాల్వు తీసేశాం, గాలి పైపు పెట్టాం. నిన్న సాయంత్రం వెలిగించాక 20 నిమిషాలకి ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. దడదడ లేదు. బకెట్లో ముందు చల్లనీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలిపి నాన్నకు స్నానం చేయించాం. ఈ రోజు పొద్దున అమ్మే వెళ్లి పొయ్యి వెలిగించింది. ఊక పెట్టె పని ఆదివారం మొదలు పెడతాం.