జాక్ లూసియే పద్ధతిలో బాఖ్ ప్రెల్యూడ్: ట్రియోలో వాయిస్తే ఎక్కడ తేడా వస్తోంది?

ఎడమచేతి_కీబోర్డు:
బాఖ్‌ని జాజ్ ట్రియోతో వాయించిన ఫ్రెంచ్ పియానిస్టు జాక్ లూసియే “ప్లే బాఖ్” రికార్డు విన్నాక, బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్‌ని (బాఖ్ రచనల జాబితాలో బి.డబ్ల్యు.వి. 846) పియానో, డబుల్ బేస్, డ్రమ్స్‌తో సిద్ధం చేస్తున్నాం. ఉన్నదున్నట్టు వాయిస్తే జాజ్ అవ్వట్లేదు, స్వింగ్ చేస్తే (స్వరాల్ని పొడుగు-పొట్టి జతలుగా ఊపితే) బాఖ్ కనబడట్లేదు. చివరి భాగంలో కింది స్వరాలన్నీ కలిసిపోతున్నాయి. ఆయన దేన్ని మార్చేవారు, దేని జోలికి వెళ్ళేవారు కాదు? ఏ కాలపు రికార్డులు ముందు వినాలి?

రికార్డుల_బీరువా:
ముందు 1959 నాటి మొదటి “ప్లే బాఖ్” వినండి, మీ ప్రెల్యూడ్ అందులోనే ఉంది. లూసియే 1934లో ఫ్రాన్స్‌లోని ఆంజే నగరంలో పుట్టారు, పారిస్ కన్సర్వేటరీలో ఈవ్ నాట్ అనే పియానిస్టు దగ్గర శాస్త్రీయ పియానో నేర్చుకున్నారు. బేస్ మీద పియేర్ మిషెలో, డ్రమ్స్ మీద క్రిస్టియన్ గారోస్. మిషెలో అంటే 1957లో పారిస్‌లో మైల్స్ డేవిస్ సినిమా సంగీతానికి వాయించిన మనిషి. ఆ ట్రియో బలంలో సగం ఆ బేసే అని నా అభిప్రాయం.

1978లో ఆ ట్రియో ఆగిపోయింది. ఆ సమయానికే ఆయన ప్రొవాన్స్‌లో మిరావల్ స్టూడియో పెట్టారు. పింక్ ఫ్లాయిడ్ “ది వాల్” కొంత భాగం అక్కడే రికార్డయింది. 1985లో, బాఖ్ పుట్టి 300 ఏళ్ళయిన సందర్భంలో, విన్సెంట్ షార్బొనియే, ఆండ్రే ఆర్పినోలతో ట్రియోని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత వివాల్డి, సాటీ, రావెల్, డెబ్యుసీ కూడా వాయించారు. 2011లో స్ట్రోక్ రావడంతో వేదిక మానేశారు, 2019లో పోయారు.

జోలికి వెళ్ళకూడనిది బేస్ లైనూ (కింది స్వరాల నడక), కార్డ్‌ల (కలిసి మోగే స్వరాల గుంపుల) వరసా. కర్ణాటక సంగీతంలో ఒకే పాదాన్ని రకరకాలుగా పాడే నెరవల్‌లో సాహిత్యం చోటు కదలనట్టే ఇక్కడ కార్డ్ చోటు కదలదు. దాని మీద కుడిచెయ్యి ఎటు పోయినా వినేవాళ్ళకి బాఖ్ వినబడుతూనే ఉంటాడు.

సెవెంత్_కార్డ్:
పైన చెప్పిందే ఈ ప్రెల్యూడ్‌లో చూడండి. బార్‌కి (నాలుగు బీట్ల ఆవర్తనానికి) ఒక్క కార్డే. మొదటి నాలుగు బార్లు: సి, డి మైనర్ 7 (కింద సి), జి 7 (కింద బి), మళ్ళీ సి. 9, 10, 11 బార్లు ఎ మైనర్ 7, డి 7, జి. జాజ్ వాళ్ళు రోజూ వాయించే రెండు-అయిదు-ఒకటే (స్కేలులో రెండో, అయిదో, ఒకటో స్వరాల మీది కార్డ్‌ల వరస) అది, కాబట్టి ఇంప్రొవైజేషన్ అక్కడ మొదలుపెట్టి సాధన చేయండి.

చాలామంది తడబడేది డిమినిష్డ్ కార్డ్‌ల (మూడేసి అర్ధస్వరాల ఎడంతో పేర్చిన కార్డ్‌ల) దగ్గర. 12వ బార్‌ని ఎ 7 ఫ్లాట్ 9 అనుకోండి, అది 13లో డి మైనర్‌కి పోతుంది. 14వది జి 7 ఫ్లాట్ 9, 15లో సి మీద వాలుతుంది. 22వది డి 7 ఫ్లాట్ 9. ఇలా చూస్తే వేళ్ళకి దారి దొరుకుతుంది. ఏదో ఒక డిమినిష్డ్ స్కేలు పైకీ కిందకీ పరిగెత్తిస్తే మాత్రం తర్వాతి కార్డ్ ఎందుకొచ్చిందో వినేవాళ్ళకి తెలియదు.

ఇక స్వింగ్ సంగతి. పదహారో వంతు స్వరాల్ని (బీట్‌కి నాలుగు చొప్పున వచ్చేవి) నేరుగా స్వింగ్ చేయకండి, కుంటినడకలా ఉంటుంది. మొదటిసారి మొత్తం సాఫీగా, రాసినట్టే వాయించండి. ఇంప్రొవైజేషన్‌లో టైమ్ రెట్టింపు చేయండి: నిమిషానికి 66 బీట్ల వేగంలో ఒక బాఖ్ బార్, 132 బీట్ల వేగంలో రెండు జాజ్ బార్లవుతుంది. అంటే ఒక్కో కార్డ్‌కి ఎనిమిది బీట్లు. ఈ లెక్క ముగ్గురూ ముందే ఒప్పుకోవాలి, లేకపోతే బేస్ వాయించేవాళ్ళు సగం దారిలోనే ముగింపుకి చేరిపోతారు. చివర మళ్ళీ సాఫీగా ఒకసారి.

నాలుగు_తీగలు:
కింది స్వరాలు కలిసిపోవడానికి కారణం ఆ రచనలోనే ఉంది. మొదటి బార్‌లో ఎడమచెయ్యి మధ్య సి, దాని పైన ఇ దగ్గర ఉంటుంది, బేస్‌కి కావలసినంత చోటు. అక్కడినుంచి మెల్లగా దిగుతూ 24వ బార్‌కి చేరే జి ఉంది చూశారూ, అది సరిగ్గా డబుల్ బేస్ పై తీగ ఖాళీగా మోగే స్వరమే. అక్కడ ఇద్దరూ ఒకే స్వరం పట్టుకుంటే, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా రొద అవుతుంది. 24 నుంచి ఆ స్వరాన్ని పూర్తిగా బేస్‌కి వదిలేయండి. ఇంప్రొవైజేషన్‌లోనైతే మొదటినుంచీ ఎడమచేతిని మధ్య సి కింది ఎఫ్ దాటి దించకండి, మూల స్వరం వద్దు, మూడో ఏడో స్వరాలు చాలు.

ఇంకోటి: 24 నుంచి 31 దాకా ఎనిమిది బార్లు కింద జి కదలదు. బేస్ వాయించేవాళ్ళకి అక్కడ వాకింగ్ (బీట్‌కో స్వరం చొప్పున నడవడం) చేయాలని చెయ్యి దురద పెడుతుంది. చేస్తే 32లో సి వచ్చినప్పుడు రావలసిన ఊరట పోతుంది. డ్రమ్స్ అక్కడ బ్రష్‌ల మీదే ఉంటే మంచిది, కిక్ డ్రమ్ దాదాపు వద్దు.

ఎడమచేతి_కీబోర్డు:
చాలా ఉపయోగపడిందండీ. బేస్ వాయించే ఆయన పుస్తకంలో 36 బార్లున్నాయి, నా దగ్గర 35. ఏది సరైనది?

సెవెంత్_కార్డ్:
మీదే. 22వ బార్ తర్వాత ఆ అదనపు బార్ బాఖ్‌ది కాదు, తర్వాతి కాలంలో ష్వెంకే అనే ఆయన చేర్చింది. గూనో “ఆవే మరియా”లో కూడా అదే ఉంటుంది. కింద ఎఫ్ షార్ప్ నుంచి ఎ ఫ్లాట్‌కి దూకడం మొరటుగా ఉందని మధ్యలో జి పెట్టి నునుపు చేశారు. ఆ దూకుడే నాకిష్టం. మీ బేస్ ఆయన్ని తన పుస్తకంలో 23వ బార్ కొట్టేసి, ఆ తర్వాతి నంబర్లన్నీ ఒకటి తగ్గించి రాయమనండి.

రికార్డుల_బీరువా:
ఇది కుదిరాక 2000లో వచ్చిన లూసియే రికార్డు, బాఖ్ “గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్” వినండి. అందులో మొదట వచ్చే ఆరియా 32 బార్లు, 16కి 16. జాజ్ పాటల్లో ఎక్కువ వాటికీ 32 బార్లే కాబట్టి మీ డ్రమ్మర్‌కి లెక్క కొత్త కాదు. సాటీ పియానో రచన మొదటి జిమ్నోపెడీకి మాత్రం తొందరపడకండి. జి మేజర్ 7, డి మేజర్ 7 అటూ ఇటూ ఊగుతుంటాయి, సులువుగా కనిపిస్తుంది. కానీ బాఖ్‌లో లాగా కార్డ్‌లు మిమ్మల్ని ముందుకి లాగవు, వాక్యం ఎక్కడ ఆపాలో మీరే తేల్చుకోవాలి.