అప్‌డేట్: చీమకుర్తి గ్రానైట్ స్లర్రీతో పేవర్ టైల్స్ యూనిట్, పీఎంఈజీపీ సబ్సిడీ

గ్రానైట్ కోతలో, పాలిష్‌లో వచ్చే రాతిపొడి బురద (స్లర్రీ) కలిపి, నేల మీద పరిచే కాంక్రీటు పేవర్ టైల్స్ చేసే యూనిట్ ఇది. మా చెల్లెలి పేరు మీద పల్లెలో పెడితే పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) కింద సబ్సిడీ ఎంత వస్తుందని ఇంతకుముందు అడిగాను, తేలిన సంగతులు ఇవి.

గ్రామీణ ప్రాంతంలో మహిళలకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. 20 లక్షల ప్రాజెక్టయితే లక్ష మనది, 7 లక్షలు సబ్సిడీ. ఆ 7 లక్షలు చేతికి రావు. బ్యాంకు 19 లక్షలూ అప్పుగానే ఇస్తుంది. సబ్సిడీ మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, తనిఖీ అయ్యాక అప్పులో జమవుతుంది. ఈలోగా ఆ మేరకు వడ్డీ పడదు. స్థలం ధర ప్రాజెక్టులో కలపకూడదు, షెడ్డు ఖర్చు కలపొచ్చు. 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. పాత యూనిట్‌కి ఈ 35 శాతం ఇవ్వరు.

అసలు తంటా స్లర్రీతోనే. గ్యాంగ్‌సా (రాతి దిమ్మెలను పలకలుగా కోసే పెద్ద రంపం మిషన్) నుంచి వచ్చే దాంట్లో కోతకు వాడే ఉక్కు రవ్వ (గ్రిట్) పొడి ఉంటుంది. టైల్ తడిసి ఆరాక పైన తుప్పు మచ్చలు తేలతాయి. ఎండిన పొడిలో అయస్కాంతం తిప్పితే నల్లటి నూగు అంటుకుంటుంది, అలాంటి లోడు వద్దనండి. పాలిషింగ్ స్లర్రీ నయం. ఎండబెట్టి, ఉండలు చితక్కొట్టి, జల్లించి ఇసుక బదులు కొంత మేరకే వాడాలి. పొడి మెత్తన కాబట్టి నీళ్లు ఎక్కువ లాగుతుంది, మేస్త్రీ నీళ్లు పెంచాడా బలం పడిపోతుంది.

అమ్మకానికి ఐఎస్ 15658 (పేవర్ టైల్స్‌కి ఉన్న భారతీయ ప్రమాణం) చూసుకోండి: తేలికపాటి బండ్లు తిరిగేచోట 60 మి.మీ. మందం, ఎం35 (కాంక్రీటు బలం గ్రేడు). ఆ టెస్ట్ రిపోర్టు లేకుండా కాంట్రాక్టర్లు ముట్టుకోరు.