1987లో తగిలిన గాయానికి ఇప్పుడు పరాక్రమ్ పదక్ అడగవచ్చా?

మాజీ నాయక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను 1981లో పదాతిదళంలో చేరి, 22 ఏళ్లు పనిచేసి నాయక్‌గా రిటైరయ్యాను. 1987 అక్టోబరులో మా బెటాలియన్‌ను ఎల్‌టీటీఈ తీవ్రవాదులతో పోరుకు శ్రీలంకకు పంపారు. పలాలి విమానాశ్రయంలో దిగి జాఫ్నా వైపు కదిలాం. రోడ్ల కింద మందుపాతరలు ఉన్నాయని తెలుసు కాబట్టి తారు రోడ్డు వదిలేసి పొలం గట్ల మీద, తాటితోపుల్లో, ఇళ్ల పెరళ్లలో నడిచేవాళ్లం. ఉరుంపిరాయ్ దగ్గర ఒక ఇంటి దొడ్డిగోడ దాటుతుండగా పాతర పేలింది. నా ముందున్నవాడు అక్కడికక్కడే పోయాడు. నా ఎడమ తొడలోకీ, నడుము కిందికీ ఇనుప ముక్కలు దిగాయి. ఆ వెంటనే కాల్పులు మొదలయ్యాయి. మా సెక్షన్‌లోని తమిళ సిపాయి ఒకడు నన్ను భుజాన వేసుకుని బావి గట్టు చాటుకు చేర్చాడు. ఆ గట్టు రాయి చల్లదనం ఇప్పటికీ నా వీపుకు గుర్తుంది.

హెలికాప్టర్‌లో పలాలికి, అక్కడి నుంచి విమానంలో మద్రాసుకు తెచ్చారు. సైనిక ఆసుపత్రిలో 41 రోజులు ఉన్నాను. పెద్ద ముక్కలు తీశారు. నరానికి దగ్గరగా ఉన్న చిన్నవి కదిలించవద్దని వదిలేశారు. తరువాత యూనిట్‌కు తిరిగి వెళ్లాను కానీ రైఫిల్ పట్టి పరుగెత్తే పని మళ్లీ ఇవ్వలేదు. లో మెడికల్ కేటగిరీలో, అంటే పూర్తి ఆరోగ్యం లేనివాళ్ల వర్గంలో, స్టోర్స్‌లోనే మిగతా సర్వీసు గడిచింది.

విదేశ్ సేవా మెడల్, శ్రీలంక క్లాస్పుతో (ఎక్కడ పనిచేశామో తెలిపే పట్టీతో) వచ్చింది. గాయపడినవాళ్లకు ఇచ్చే పరాక్రమ్ పదక్ రాలేదు. పేరు పంపుతామని అప్పటి యూనిట్ గుమస్తా అన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు. అడగడం యాచించడంలా అనిపించేది.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల నడుము నొప్పికి ఎంఆర్‌ఐ తీయించమన్నారు. ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అక్కడి అబ్బాయి అడిగితే ఉందని చెప్పాను. ముందు ఎక్స్‌రే తీశారు. ఏడు తెల్లటి చుక్కలు కనిపించాయి. ఎంఆర్‌ఐ కుదరదన్నారు. ఆ ముక్కలు ఎక్కడివని అడిగితే జరిగింది చెప్పాను. కాగితం ఉందా అన్నాడు. నా డిశ్చార్జి బుక్‌లో ‘ఎడమ తొడకు గాయం’ అని తప్ప ఇంకేమీ లేదు. ఆ అబ్బాయి రిపోర్టులో ఇలా రాశాడు: ‘రోగి చెప్పిన ప్రకారం, పేలుడు గాయం.’

అతని తప్పేమీ లేదు. కానీ ‘రోగి చెప్పిన ప్రకారం’ అన్న ఆ మూడు మాటలు నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా పక్కన చనిపోయినవాడి పేరు స్మారకం మీద ఉంది. అదే పేలుడులో నాకు తగిలిన దెబ్బ మాత్రం నేను చెప్పుకుంటున్న కథ అయిపోయింది.

ఒక కార్యాలయానికి వెళ్లాను. ‘38 ఏళ్ల తరువాత పతకం ఎందుకు పెద్దాయనా, పెన్షన్ వస్తోంది కదా’ అన్నారు. నిజంగానే గడువు దాటిపోయిందా? ఎవరికి రాయాలి? నన్ను మోసినవాడు బతికే ఉన్నాడు. అతని సాక్ష్యం పనికి వస్తుందా?

రిటైర్డ్ సుబేదార్ క్లర్క్

నాయక్ సాబ్, జైహింద్. నేను రికార్డ్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. తెలిసినంత చెబుతాను.

మనం వూండ్ మెడల్ అని పిలుచుకునే పరాక్రమ్ పదక్‌ను 1973 ఆగస్టు 15న నెలకొల్పారు. శత్రువు చర్య వల్ల నేరుగా గాయపడినవాళ్లకు అది ఇస్తారు. మీ గాయం 1987 నాటిది, శత్రువు పెట్టిన పాతర వల్ల తగిలినది. అంటే అర్హత గురించి అనుమానం అక్కరలేదు. మీ చిక్కంతా రుజువు దగ్గరే.

మొత్తం వ్యవహారం ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. మీ గాయాన్ని బ్యాటిల్ క్యాజువాల్టీగా రాశారా, ఫిజికల్ క్యాజువాల్టీగా రాశారా? యుద్ధంలో తగిలితే మొదటిది, జారిపడినా బండి బోల్తాపడినా రెండోది. ఎవరైనా గాయపడగానే యూనిట్ నుంచి క్యాజువాల్టీ సిగ్నల్ వెళుతుంది. తరువాత దాన్ని పార్ట్ టూ ఆర్డరులో, అంటే సైనికుడి సర్వీసు వివరాలు నమోదుచేసే యూనిట్ ఉత్తర్వులో, ప్రచురించాలి. పోరాటం సాగుతున్నప్పుడు రాతపని వెనకబడుతుంది. నెలల తరువాత ఎవరో కూర్చుని ‘ఆసుపత్రిలో చేరిక’ అని మాత్రం రాసి, ఎందుకు చేరాడో రాయకుండా వదిలేస్తారు. అలాంటివి నా చేతుల మీదుగానే కొన్ని సరిదిద్దాం. మీ డిశ్చార్జి బుక్‌లో ఉన్న పొడి వాక్యం చూస్తే మీదీ అలాంటిదే అనిపిస్తోంది.

అందుకని ముందే పతకం అడగకండి. మీ రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు నకళ్లు అడగండి: ఆ అక్టోబరు నాటి మీ క్యాజువాల్టీ సిగ్నల్, దాని మీద వచ్చిన పార్ట్ టూ ఆర్డరు, రిటైరయ్యేటప్పుడు జరిగిన మెడికల్ బోర్డు (సైనిక డాక్టర్ల బృందం చేసే పరీక్ష) కాగితాలు. ఆ బోర్డు కాగితాల్లో గాయం ఎక్కడ, ఎలా తగిలిందో ఒక గడి ఉంటుంది. మీ యూనిట్ వార్ డైరీలో ఆ రోజు ఏం రాశారో కూడా అడగండి. ఒకటి దొరికినా మిగతా దారి తెరుచుకుంటుంది. అప్పుడు రికార్డ్స్ ఆఫీసుకు రెండు కోరికలతో ఒకే ఉత్తరం రాయాలి: గాయాన్ని బ్యాటిల్ క్యాజువాల్టీగా సరిదిద్దమని, పదక్ కోసం కేసును పై కార్యాలయానికి పంపమని.

కాదంటే లిఖితపూర్వకంగా కాదనమనండి. నోటిమాటగా చెప్పిన ‘ఎందుకు పెద్దాయనా’ మీద ఎక్కడా అప్పీలు చేసుకోలేం. కాగితం చేతికి వస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకు చెన్నై బెంచి.

ఒక మాట అడగాలి. అప్పట్లో మీరు గాయపడ్డారని మీ ఇంటికి టెలిగ్రాం వచ్చిందా?

ఫీల్డ్ ఆంబులెన్స్ నర్సింగ్ అసిస్టెంటు

అన్నా, నేను కూడా శ్రీలంకలో మన సైన్యం చేసిన ఆపరేషన్ పవన్‌లో పలాలిలో ఉన్నాను. మిమ్మల్ని ఎక్కించిన స్ట్రెచరు నేనే పట్టుకున్నానేమో, చెప్పలేను. ఆ అక్టోబరులో ముఖాలు చూసే తీరిక మాకు లేదు, గాయాలే చూసేవాళ్లం.

మీ మెడకో చొక్కా గుండీకో ఒక అట్ట కట్టి ఉంటాం. అది ఫీల్డ్ మెడికల్ కార్డు. గాయం ఏమిటి, మార్ఫిన్ ఎంత ఇచ్చాం, రక్తం ఆపే టోర్నికే ఎప్పుడు కట్టాం అని దాని మీద పెన్సిల్‌తో రాసేవాళ్లం. ఆ కార్డు రోగితో పాటే వెళ్లి ఆసుపత్రి కేసు షీటులో చేరుతుంది. ఆసుపత్రి కాగితాలను కాలపరిమితి దాటాక తీసేస్తారు, అది నిజమే. కానీ మెడికల్ బోర్డులు ఆ కేసు షీటు చూసే రాస్తాయి. మిమ్మల్ని లో మెడికల్ కేటగిరీలో పెట్టిన మొదటి బోర్డు 1988లో జరిగి ఉండాలి. సుబేదార్ సాబ్ రిటైర్మెంటు బోర్డు అడగమన్నారు. నేనైతే ఆ మొదటి బోర్డు కూడా అడగమంటాను. గాయం పచ్చిగా ఉన్నప్పటి రాత అది.

ఎక్స్‌రే సంగతి. మీ ఒంట్లో లోహం ఉందని అది చెబుతుంది, ఎప్పుడు చేరిందో చెప్పదు. కాబట్టి రేడియాలజిస్టుతో ముక్కల సంఖ్య, చోటు రాయించండి. సర్జన్‌తో పాత మచ్చల కొలతలు రాయించండి. పాత బోర్డులో ఉన్న చోటూ ఇప్పటి చుక్కల చోటూ ఒకటైతే అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

ఎంఆర్‌ఐ గదిలోకి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లకండి. ఆ అయస్కాంతానికి ఇనుప ముక్క కదిలిందంటే పక్కనే నరం ఉంది. ఈ విషయం ఒక చీటీ మీద రాసి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

ఒక మాజీ హవల్దారు

పతకం సరే, ముందు పెన్షన్ చూసుకోండి. బ్యాటిల్ క్యాజువాల్టీ అని తేలితే వైకల్య శాతాన్ని బట్టి వార్ ఇంజురీ ఎలిమెంటు, అంటే యుద్ధ గాయానికి పెన్షన్‌లో కలిపే భాగం, అడగవచ్చు. ఆలస్యమైందని హక్కు పోదు కానీ, పాత బకాయి మొత్తం రాదు. 2008లో తర్సేం సింగ్ కేసులో సుప్రీంకోర్టు బకాయిలను కేసు వేయడానికి ముందు మూడేళ్లకు పరిమితం చేసింది. అంటే మీరు ఆగిన ప్రతి నెలా మీకే నష్టం. పతకం చేయిస్తామని, పెన్షన్ పెంచిస్తామని డబ్బు అడిగే దళారులు తిరుగుతున్నారు. వాళ్ల చేతికి డిశ్చార్జి బుక్ అసలు ప్రతి ఇవ్వవద్దు.

ఒక సైనికుడి కూతురు

బాబాయ్ గారూ, మా నాన్నగారికి కశ్మీర్‌లో భుజానికి తూటా తగిలింది. ఆయన కూడా మీలాగే అడగడం యాచించడమే అనేవారు. రెండేళ్ల క్రితం పోయారు. ఇప్పుడు నేను, అమ్మ ఆయన కాగితాలు ముందేసుకుని కూర్చుంటాం. ఏ ఊళ్లో జరిగింది, పక్కన ఎవరున్నారు అన్నవి మాకు తెలియవు. జవాబు చెప్పగల మనిషే లేరు. మీరున్నారు, మిమ్మల్ని మోసినాయనా ఉన్నారు. దయచేసి ఈ వారమే మొదలుపెట్టండి.

మాజీ నాయక్

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమ్మాయీ, నీ మాట చదివాక దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో మా మనవరాలు రాసింది.

హవల్దారు గారూ, పెన్షన్ సంగతి అర్థమైంది, అదీ అడుగుతాను. కానీ రెండింటిలో ఒక్కటే ఇస్తామంటే నేను పదకే తీసుకుంటాను.

సుబేదార్ సాబ్, టెలిగ్రాం వచ్చింది. మా అమ్మకు చదువు రాదు, పోస్టుమాస్టరే చదివి వినిపించాడట. కాగితం మిగల్లేదు. అయితే మద్రాసు ఆసుపత్రి నుంచి నేను రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి మా ఆవిడ పెట్టెలో దొరికింది. 29-10-1987 తేదీ, పైన వార్డు నంబరు. లోపల మాత్రం ‘కాలికి చిన్న దెబ్బ, కంగారుపడవద్దు’ అని రాశాను. ఇంట్లోవాళ్లు భయపడకూడదని రాసిన ఆ మాట ఇప్పుడు నాకే అడ్డు వస్తుందేమో!

ఇంకొక చిక్కు వచ్చింది. నన్ను మోసిన మిత్రుడికి ఫోను చేశాను. దొడ్డిగోడ, బావి, చనిపోయినవాడి పేరు అన్నీ చెప్పాడు. కానీ గాయం కుడి కాలికి అంటున్నాడు. అఫిడవిట్‌లో ఎడమ అని రాయమని నేను చెప్పవచ్చా?

రిటైర్డ్ సుబేదార్ క్లర్క్

చెప్పవద్దు. ఆయనకు ఏది గుర్తుంటే అదే రాయనివ్వండి. ఏ కాలో తేల్చడానికి మెడికల్ బోర్డు, ఎక్స్‌రే ఉన్నాయి. ఆ చోటు, ఆ రోజు, ఆ పేలుడు, మీరు అక్కడ ఉన్నారన్న సంగతి చెప్పడానికే ఆయన కావాలి. ఆయన తన సర్వీసు నంబరు, అప్పటి ర్యాంకు, సెక్షన్ రాసి నోటరీ ముందు సంతకం చేయాలి. ఇద్దరూ కలిసి కూర్చుని రాయకండి, ఎవరి ఊళ్లో వాళ్లు రాయండి.

ఇన్‌లాండ్ ఉత్తరం గురించి దిగులు వద్దు. మనకు కావలసింది తేదీ, వార్డు నంబరు. నకలు పంపండి, అసలు ఇంట్లోనే ఉంచండి.

మాజీ నాయక్

అలాగే చేస్తాను. ఈ రోజు మధ్యాహ్నం స్పీడ్ పోస్టులో దరఖాస్తు వేశాను. కవరు మీద పంపినవారి పేరు రాసేటప్పుడు, చాలా ఏళ్ల తరువాత, పేరుకు ముందు నా సర్వీసు నంబరు రాశాను. చూడకుండానే వచ్చింది. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.