పోడు పట్టాకు శాటిలైట్ ఫోటో ఒక్కటి చాలదా?

చదువరి: అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న పోడుకే పట్టా. సాగులో ఉందో లేదో శాటిలైట్ ఫోటోలో కనిపిస్తుంది కదా, ఇంకా గొడవ దేనికి?

ఇప్పపూవు: ఫోటో తోడు సాక్ష్యం మాత్రమే అని 2012లో సవరించిన రూల్స్‌లోనే ఉంది. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతుంది. అయినా మా నాన్న దరఖాస్తును ఫోటోలో చెట్లున్నాయని కొట్టేశారు. పోడు కొట్టినా ఇప్పచెట్టు ఎవరైనా నరుకుతారా? కనిపించినవి అవే.

రిటైర్డ్ బీట్ ఆఫీసర్: అమ్మా, ఆ వాంగ్మూలాలు నేనూ చూశాను. అన్నీ ఒకే చేతిరాత, కింద వేలిముద్రలే వేరు. నిన్నగాక మొన్న కొట్టిన పోడుకూ దరఖాస్తులొచ్చాయి. ఫోటో అబద్ధం చెప్పదు.

ఇప్పపూవు: వేలిముద్ర వేసేవాళ్లు సొంతంగా ఎలా రాస్తారు సార్? ఊళ్లో రాసిపెట్టేది ఒక్కడే.

కొండగాలి: అదీ మాట.

చదువరి: గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపించాలట. ఎలా చూపిస్తారు?

రిటైర్డ్ బీట్ ఆఫీసర్: అది తర్వాత. పులుల అభయారణ్యం నడిమి భాగంలో, అదే కోర్ ఏరియాలో, మనుషులుంటే పులి నిలవదు. ఊరు ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉంది, ఇంకేం కావాలి?

ఇప్పపూవు: చెంచులు ఉన్నచోటే కదా పులులూ మిగిలాయి! నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు పులి ఎవరికీ గుర్తురాలేదే? 2019లో జనం గోల చేస్తేనే తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

రిటైర్డ్ బీట్ ఆఫీసర్: యురేనియం సంగతి ఢిల్లీని అడగండి. పోడు ఆపబోతే తల పగిలింది నాది. కేసు వీగిపోయింది. 2022లో భద్రాద్రి జిల్లాలో రేంజ్ ఆఫీసర్‌ను ఏకంగా నరికి చంపారు. ఒక ఎకరాకి పట్టా ఇస్తే పక్క ఎకరం మిగలదు, రాసిపెట్టుకోండి.

ఇప్పపూవు: ఆ హత్యను ఎవరూ సమర్థించరు. కానీ ఇప్పుడు బయటపడింది, మీ పేచీ సాక్ష్యంతో కాదు, మాతో. మా నాన్న ఏ కాగితం తెచ్చినా మీరు నమ్మరు. అడవిని కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. ఒడిశాలోని నియాంగిరి కొండల్లో 2013లో 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అక్కడ కొండను కాపాడింది ఎవరు?

రిటైర్డ్ బీట్ ఆఫీసర్: నమ్మను, నిజమే. అడవి తగలబడితే మెమో వచ్చేది నాకు, గ్రామసభకు కాదు. బాధ్యత లేనివాళ్లకు అధికారం ఎందుకు?

ఇప్పపూవు: అధికారం ఇచ్చి చూడండి, మెమోలు మేమే తీసుకుంటాం.

చదువరి: 75 ఏళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.