ఆట పాత్రల తయారీ యాప్‌కు ఒకేసారి ధర పెట్టాలా, నెలవారీ చందా పెట్టాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేనూ నా మిత్రుడూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూనే, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, కథలో పాత్రలు ధరించి బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట ఐదో ఎడిషన్‌కు పాత్రలు తయారుచేసే యాప్‌ను ఏడాదిగా రాస్తున్నాము. 2023 జనవరిలో ఆ ఆట ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు ఎస్‌ఆర్‌డీ 5.1ను, అంటే ఆట మూల నిబంధనల పత్రాన్ని, ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడిచిపెట్టారు కనుక, లైసెన్సు ఖర్చు లేకుండానే వ్యాపారం మొదలుపెట్టవచ్చునని మా ఆలోచన. ధర ఎలా పెట్టాలన్నదే తేలడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ధర సంగతి తరువాత, ముందు మీ దగ్గర అమ్మడానికి ఏముందో చూసుకోండి. ఆ ఎస్‌ఆర్‌డీలో ఒక్కో క్లాసుకు (పాత్ర వృత్తికి) శాఖ, అంటే ఒక్కటే సబ్‌క్లాసు ఉంది. ఫీట్లలో (ప్రత్యేక నైపుణ్యాలలో) గ్రాప్లర్ ఒక్కటే, బ్యాక్‌గ్రౌండ్లలో (పాత్ర పూర్వ జీవితాలలో) అకోలైట్ ఒక్కటే. ఆటగాడు యాప్ తెరిచేది తాను కొన్న పుస్తకంలోని సబ్‌క్లాసు కోసం. అది కనబడకపోతే ఆ నిమిషమే మూసేస్తాడు. మిగిలిన సరుకంతా ప్రచురణకర్తది. లైసెన్సు తీసుకున్నా అది కౌలు పొలంలో బోరు వేయించినట్టే. 2017లో కర్స్ సంస్థ లైసెన్సు మీద మొదలుపెట్టిన డీ అండ్ డీ బియాండ్ (ఇదే ఆటకు పాత్రలు తయారుచేసి, పుస్తకాలు అమ్మే సైటు), ఫ్యాండమ్ సంస్థ చేతికి వెళ్ళి, చివరకు 2022లో విజార్డ్స్ యజమాని అయిన హాస్‌బ్రోకే 14.63 కోట్ల డాలర్లకు చేరింది. నిబంధనలు ముందునుంచీ హాస్‌బ్రోవే కాబట్టి, ఆ సొమ్ములో ఎక్కువ భాగం అక్కడ ఖాతాలు తెరిచి పుస్తకాలు కొనుక్కున్న ఆటగాళ్ళ కోసమే పెట్టారని నా అభిప్రాయం.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మా బృందం కోసం ఇలాంటిదే ఒకటి కొన్నేళ్ళు నడిపాను. కోడ్ రాయడానికి పట్టిన కాలం కంటే నిబంధనల వెంట పరుగెత్తడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఒక్క ఉదాహరణ చెబుతాను. పాలడిన్ (పవిత్ర యోధుడు) క్లాసులో ఐదో స్థాయి, సోర్సరర్ (మాంత్రికుడు) క్లాసులో మూడో స్థాయి కలిసిన పాత్రకు మంత్రాల స్లాట్లు (ఎన్ని మంత్రాలు వేయవచ్చో) లెక్కించేటప్పుడు, ఐదో ఎడిషన్ 2014 నాటి నిబంధనల పుస్తకం ప్రకారం పాలడిన్ స్థాయిలో సగాన్ని కిందికి దించి రెండుగా తీసుకోవాలి, మొత్తం ఐదు వస్తుంది; సవరించిన 2024 పుస్తకం ఆ సగాన్ని పైకి ఎత్తి మూడు చేయమంటుంది, మొత్తం ఆరు వస్తుంది. మారింది ఒక్క మాటే అయినా, పాత పద్ధతిలో ఆడేవారూ కొత్త పద్ధతిలో ఆడేవారూ ఉన్నంతకాలం రెండు లెక్కలనూ మీరే మోయాలి. ఖర్చు ఏటేటా వచ్చేది కనుక రాబడి కూడా ఏటేటా రావలసిందే, అందుచేత చందావైపే నా మొగ్గు. అయితే నాలుగో ఎడిషన్ నాటి సంగతి గుర్తుంచుకోండి. కంప్యూటర్లో దించుకునే విజార్డ్స్ వారి క్యారెక్టర్ బిల్డర్ (పాత్రలు తయారుచేసే ప్రోగ్రామ్) కోసం ఒక్క నెల చందా కట్టి, అన్నీ దించుకుని మానేసే వీలు ఉండేది. 2010 నవంబరులో దాన్ని బ్రౌజర్‌కు మార్చినప్పుడు పాత చందాదారులు చాలామంది నొచ్చుకున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఆటగాళ్ళలో డబ్బు కట్టేది ఎవరు?

జవాబు 3:
ఎక్కువగా డంజియన్ మాస్టరేనండీ, అంటే ఆటలో కథ నడిపే వ్యక్తి. ఆటగాళ్ళలో మాస్టర్లు సుమారు 20 శాతమే అయినా ఖర్చులో పెద్ద వాటా వారిదేనని 2022 డిసెంబరులో అప్పటి విజార్డ్స్ అధినేత సింథియా విలియమ్స్ మదుపరులకు చెప్పారు. బియాండ్‌లో ఉచిత ఖాతాకు ఆరు పాత్రలే అనుమతించి, మాస్టర్ కొన్న పుస్తకాలను తన ఆటగాళ్ళందరితో పంచుకునే సౌకర్యాన్ని పై స్థాయి చందాలో పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. కాబట్టి మీరు మనిషికి కాకుండా ఒక్కో ఆట బృందానికి ధర పెట్టండి. నా మాట వింటే, ఐదో ఎడిషన్‌ను పక్కన పెట్టి, సొంత యాప్ లేని ఒక చిన్న ప్రచురణకర్తతో మాట్లాడండి. వారి ఆటకు బిల్డర్ మీరు చేసిపెట్టి, అమ్ముడైన ప్రతి పుస్తకం మీద వాటా అడగండి. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట నిబంధనలు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైటులో ఉచితంగా దొరుకుతున్నా, పాత్‌బిల్డర్ అనే, ఆ ఆటకు పాత్రలు తయారుచేసే యాప్ ప్రధాన భాగాన్ని ఉచితంగా ఇస్తూ, అదనపు సౌకర్యాలకు మాత్రం ఒకసారి చిన్న మొత్తం తీసుకుని నిలబడింది. ఏ దారి పట్టినా, పాత్రను పీడీఎఫ్‌గా దించుకునే వీలును మాత్రం ఎన్నడూ డబ్బుతో ముడిపెట్టకండి. 2023 జనవరిలో విజార్డ్స్ ఇతరులకిచ్చే ఆట లైసెన్సును మార్చబోవడం మీద వివాదం రేగినప్పుడు చాలామంది బియాండ్ చందాలు రద్దుచేసుకున్నారు. అలా వెళ్ళిపోవాలనుకున్నవారు తమ పాత్రను వెంట తీసుకుపోగలగాలి.