‘ఇనుమారు ముమ్మారు’: విరగడానికా, కాచడానికా?

ప్రశ్న: కారు బ్రేకు కాలిపర్లకు (చక్రం డిస్కును ప్యాడ్లతో నొక్కి ఆపే భాగాలకు) ఇంటి దగ్గరే ఎర్ర రంగు వేస్తున్నాను. చక్రం విప్పి, తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు వదిలించాక, రంగును ఒకేసారి దట్టంగా కాకుండా పలుచగా రెండు మూడు పూతలుగా వేయాలని డబ్బా మీద చదివాను. అప్పటి నుండి ‘ఇనుము విరిగెనేని’ అన్న వేమన పద్యం నోట నానుతూనే ఉంది (ఇనుము విరిగితే కాచి అతకవచ్చు, మనసు విరిగితే అతకలేమని దాని భావం). దాని తరువాత ‘ఇరుమారు ముమ్మారు’ అని బడిలో నేర్పారు, మా అత్తగారు మాత్రం ‘ఇనుమారు’ అంటున్నారు. ఏది సరైన పాఠం?

మొదటి జవాబు: మీ అత్తగారి పాఠమే మేలైనదని నా నమ్మకం. ఇనుమడి, ఇనుమడించు అన్న మాటల్లో నిలిచిన, రెండు అనే అర్థమున్న ‘ఇను’యే ఇక్కడా ఉంది. పాదంలో నాలుగో గణం (అక్షరాల గుంపు) ‘ఇనుమారు’ అయినా ‘ఇరుమారు’ అయినా సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), యతి (పాదం మొదటి అక్షరంతో ఈ గణం మొదటి అక్షరానికి పొత్తు) కూడా ఇకారానికే కుదురుతుంది కాబట్టి ఛందస్సు ఈ తగవు తీర్చదు. అయితే ‘ఇనుము’ అని మొదలైన పాదంలో ‘ఇనుమారు’ మళ్ళీ మోగడం వేమన చెవికి తగిన పని.

రెండవ జవాబు: అయ్యా, ఆ మోతనే నేను అనుమానిస్తున్నాను. పాదం మొదట ‘ఇను’ రాసిన లేఖకుడి చేయి అలవాటుగా నాలుగో గణంలోనూ ‘ఇను’ రాసి ఉండవచ్చు. తెలుగు వ్రాతప్రతులు సేకరించిన ఆంగ్లేయుడు సి.పి. బ్రౌన్ 1829లోను, 1839లోను వేమన పద్యాలను అచ్చు వేయించడానికి వ్రాతప్రతులు పోగుచేసేనాటికే ఒక్కో పద్యం పలు పాఠాలతో ఉండేది. ఈ పద్యంలోనే రెండో పాదం కొందరికి ‘కాచి యతకనేర్చు కమ్మరీడు’, మరికొందరికి ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’. రెంటికీ గణాలు సరిపోతాయి, యతీ సరిపోతుంది. మొదటిదానిలో కమ్మరి కనిపిస్తాడు, రెండోదానిలో కనిపించడు. కమ్మరి లేని పాఠాన్ని నేను ఒప్పుకోలేను.

మూడవ జవాబు: ను, రు ఏదైనా అర్థం రెండుసార్లనే కదా! అంతకంటె పెద్ద చిక్కు అన్వయంలో, అంటే ఏ మాటను దేనితో కలపాలన్నదానిలో ఉంది. ‘ఇరుమారు ముమ్మారు విరిగినా’ అని పై మాటతో కలపాలా, ‘ఇరుమారు ముమ్మారు కాచి’ అని తరువాతి మాటతో కలపాలా? మొదటిది ఇనుము ఓర్పును చెబుతుంది, రెండోది కమ్మరి ఓపికను చెబుతుంది. మూడో పాదంలోని మనసుకు ఎదురుగా నిలిచేది ఇనుమే కాబట్టి, ఎన్నిసార్లు విరిగినా అతుకుతుందన్న అన్వయమే బలమైనదని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు: నాకు మాత్రం ‘కాచి’తోనే కలపాలనిపిస్తోంది. ఒక పూత తడి ఆరకముందే మరొకటి దట్టంగా పట్టిస్తే రంగు జారుతుంది, తరువాత పొరలుగా ఊడుతుంది. కొన్ని కాలిపర్ రంగులు వేడి తగిలాకే పూర్తిగా గట్టిపడతాయి. పని పట్టు విడతల్లో ఉందని చేతికి తెలుస్తుంది. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు’ అన్న కవి, కొలిమి దగ్గరా అదే మాట చెప్పి ఉండడా?

నాలుగవ జవాబు: పోలిక బాగుంది కానీ, ఇనుము జాతి వేరండీ. చాలా కార్ల కాలిపర్లు పోత ఇనుముతో చేసినవి, కొన్ని అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. వేమన కమ్మరి కాచి, సుత్తితో కొట్టి అతికింది మెత్తని ఇనుమును. పోత ఇనుమును అలా కొడితే పగులుతుంది. అందుకే పగులు కనిపించిన కాలిపర్‌ను ఇరుమారైనా ముమ్మారైనా కాచే ప్రయత్నం చేయకుండా మార్చేయాలి. రంగు వేసేటప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగును, బ్లీడర్ నిపుల్‌ను (బ్రేకు ద్రవంలోని గాలిని వదిలించే చిన్న మరను), ప్యాడ్లు ఆనే అంచులను, డిస్కును టేపుతో కప్పండి. విప్పిన కాలిపర్‌ను బ్రేకు ద్రవపు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. కారును జాకీ మీదే వదలక, స్టాండు మీద నిలపండి. మామూలు ఎనామిల్ బ్రేకుల వేడికి ఆగదు. కాలిపర్ రంగుల్లో కొన్ని డబ్బాల మీద 900 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 480 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుందని ఉంటుంది.

రెండవ జవాబు ఇచ్చినవారు: మెత్తని ఇనుము మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అతుకు కుదరాలంటే రెండు ముక్కలూ తగిన వేడికి రావాలి, ఒక్క కాపులో కుదరకపోతే మళ్ళీ కొలిమిలో పెట్టాలి. ఈ వివరం మూడవ జవాబువారి అన్వయానికి ఎదురు నిలుస్తుంది. ‘నేర్చు’ అన్న క్రియ కూడా కమ్మరి నేర్పునే చూపుతోంది.

మూడవ జవాబు ఇచ్చినవారు: ‘నేర్చు’ మూడో పాదంలోనూ ఉందండీ: ‘మరి యంటనేర్చునా’. అక్కడ కర్త మనసు, కమ్మరి కాడు. ఆ సమతూకం చెడకూడదంటే మొదటి పాదాన్ని ఇనుముకే వదలాలి. ‘యతకనేర్చు’ ఉన్న ప్రతిలో మొదటి పాదం చివర విరామం ఎక్కడ పెట్టారో ఎవరైనా చూసి చెప్పగలరా?