ఇంగ్లిష్ కోర్సు ఫలితాన్ని ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్‌తో కొలవవచ్చునా?

ప్రశ్న (నల్లగొండ)
మా డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థులకు మూడు నెలల ఇంగ్లిష్ కోర్సు నడుపుతున్నాము. కోర్సుకు ముందొకసారి, ముగిశాక మరొకసారి ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్ళేవారి ఇంగ్లిష్ స్థాయిని చూసే పరీక్ష) నమూనా పరీక్ష పెట్టి, పెరిగిన బ్యాండునే, అంటే ఆ పరీక్షలో వచ్చే స్కోరునే ప్రగతిగా చూపాలని యాజమాన్యం అంటున్నది. ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు (మహబూబ్‌నగర్)
సార్, ముందుగా మొత్తం బ్యాండును ఎలా కడతారో చూడండి. ఒక విద్యార్థికి చదవడంలో 6.5, మిగిలిన మూడు విభాగాల్లో 6 చొప్పున వచ్చాయనుకుందాం. సగటు 6.125, దానిని దగ్గరి అర బ్యాండుకు సవరించి 6గా ఖరారు చేస్తారు. మూడు నెలల తర్వాత వినడం ఒక్కటే 6.5కు పెరిగితే సగటు 6.25 అవుతుంది, సరిగ్గా మధ్యలో ఉంటే పైకే సవరిస్తారు గనుక మొత్తం బ్యాండు 6.5కు చేరుతుంది. వినే విభాగంలో ఉండేవి 40 ప్రశ్నలు. అంచున ఉన్నవారికి ఒక్క సమాధానం తేడాతోనే అర బ్యాండు మారిపోవచ్చు. రాయడం, మాట్లాడటం ఎక్కడివక్కడే ఉన్నా కాగితం మీద మాత్రం ఎదుగుదల కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఈ సంగతి ఎవరూ రాయరు. విదేశాల్లో చదువుకో కొలువుకో వెళ్ళేవారి స్థాయిని తేల్చడానికి ఏర్పడిన పరీక్ష అది. మూడు నెలల మార్పును పట్టుకునేంత సన్నని కొలత దానికి లేదు.

జవాబు (వనపర్తి)
పై మాటతో ఏకీభవిస్తున్నాను. పరీక్ష తీరు అలవాటైనందువల్ల రెండోసారి పెరిగే మార్కులు కూడా ఇందులో కలుస్తాయి. పైగా మీ విద్యార్థుల్లో చాలామంది కింది బ్యాండ్లలోనే ఉంటే అక్కడి చిన్న ఎదుగుదల బయటపడదు. పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో ఇంగ్లిష్‌ను పరీక్షించినప్పుడు, ఒక్కొక్కరి చేత విడిగా అక్షరాలు, పదాలు, వాక్యాలు చదివించి అర్థం అడిగారు. డిగ్రీ వారికి ఆ స్థాయి చాలదు గానీ, ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే పద్ధతి మీకూ పనికివస్తుంది.

ప్రశ్న అడిగినవారు
యాజమాన్యానికి అంకె కావాలి. ఎదురుగా కూర్చుని మార్కులు వేసేది మేమే అయితే పక్షపాతం అంటారు కదా?

జవాబు (మహబూబ్‌నగర్)
అందుకే కోర్సు మొదట్లోనూ చివరనూ, కఠినతలో సమానమైన వేర్వేరు అంశాలపై ఒక్కొక్కరిని రెండు నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీలు తీసేసి, అన్నింటినీ కలగలిపి, ఈ పిల్లలకు పాఠం చెప్పని ఇద్దరు అధ్యాపకులకు ఇవ్వండి. ఏది ముందుదో ఏది తర్వాతిదో తెలియకుండా వారు వేసే మార్కులే మీ అంకె. నమూనా పరీక్ష తప్పదంటే నాలుగు విభాగాల మార్కులను విడివిడిగా చూపండి, సగటు కట్టవద్దు.